ఆంగ్ల పదములకు వ్యతిరేకములు – తలిదండ్రులకు కొన్ని సూచనలు

ఇంట తెలుగు, వీధిలో తమిళము, పుస్తకములో ఆంగ్లము – ఈ మూటి నడుమ మన బిడ్డలు చదువుకొనుచున్నారు. తెలుగులో చదివినవారికి ఆంగ్లము పట్టుబడదేమో యను బెంగ తలిదండ్రులలో పలువురకు కలదు. అందుచే బజారున దొరకు గైడు కొని, అందలి వ్యతిరేక పదముల పట్టికను పిల్లలచే వల్లె వేయించుచున్నారు. ఆ శ్రమ వ్యర్థము కాకుండుటకు కొన్ని సంగతులు తెలిసికొనుట మేలు.

మొదటిది: వ్యతిరేకము అర్థమును బట్టి యుండును. పచ్చి మామిడికాయకు ఎదురు మాట పండిన కాయ. పచ్చి కట్టెకు ఎండు కట్టె. ఆంగ్లమునను ఇంతే. 'లైట్' అనగా తేలిక యైనచో వ్యతిరేకము 'హెవీ'. వెలుతురు గల యను నర్థమైనచో 'డార్క్'. 'ఓల్డ్' అను మాట వస్తువును గూర్చినదైన 'న్యూ', మనుష్యుని గూర్చినదైన 'యంగ్' ఎదురగును. కావున మాటను ఒంటిగా అడుగక, వాక్యములో నుంచి అడుగవలయును.

రెండవది: మాటకు ముందు చేరు ఉపసర్గ. న్యాయము – అన్యాయము, ఉచితము – అనుచితము. హల్లునకు ముందు 'అ', అచ్చునకు ముందు 'అన్' చేరినది. ఆంగ్లములో లాటిను భాషనుండి వచ్చిన 'ఇన్' కూడ ఇట్లే రూపు మార్చుకొనును. 'కరెక్ట్'కు 'ఇన్‌కరెక్ట్'; కాని ప, బ, మ ధ్వనులకు ముందు 'ఇమ్' అయి 'పాసిబుల్'కు 'ఇంపాసిబుల్'; 'లీగల్'కు 'ఇల్లీగల్'; 'రెగ్యులర్'కు 'ఇర్రెగ్యులర్'. 'హ్యాపీ' వంటి మాటలకు చేరు 'అన్' ఇంగ్లీషు సొంతము. సంస్కృతపు 'అన్', లాటిను 'ఇన్', ఆంగ్లపు 'అన్' ఒకే మూలమునుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. ఏ మాటకు ఏది చేరునో మాత్రము చదువుటవలననే అలవడును.

మూడవది: 'ఇన్' కనబడిన చోటనెల్ల వ్యతిరేకమనుకొనరాదు. పెట్రోలు లారీలపై 'ఇన్‌ఫ్లామబుల్' అని వ్రాసియుండును. త్వరగా అంటుకొనునదని దాని యర్థము. 'ఫ్లామబుల్' అన్నను అదియే. ఇచటి 'ఇన్' నిషేధార్థకము కాదు. పట్టికను నమ్మిన పిల్లవాడు అంటుకొననిదని భావించిన నెంత ప్రమాదము! 'ఇన్‌వాల్యుబుల్' అనగా విలువ లేనిది కాదు, వెల కట్టరానిది. మన 'అమూల్యము' నెరిగిన బిడ్డకు ఇది వెంటనే బోధపడును. 'ఇన్‌ఫేమస్' అనగా పేరు లేనివాడు కాదు, చెడ్డపేరు పొందినవాడు.

నాలుగవది: కొన్ని జంటలకు నడుమ మెట్లు కలవు. 'హాట్', 'కోల్డ్' నడుమ 'వార్మ్', 'కూల్' ఉన్నవి. వేడి లేని నీరెల్ల చన్నీరు కాదు, గోరువెచ్చనిదియు కావచ్చును. 'అలైవ్', 'డెడ్' నడుమ అట్టి మెట్టు లేదు.

ఇక పదబంధములు. చొక్కా తొడుగుట 'పుట్ ఆన్', విడుచుట 'టేక్ ఆఫ్'. 'పుట్ ఆఫ్' అనగా వాయిదా వేయుట. 'మస్ట్ గో' అనగా వెళ్లి తీరవలయును. దీనికి 'మస్ట్ నాట్ గో' అన్నచో వెళ్లకూడదని నిషేధము. 'నీడ్ నాట్ గో' అన్నచో వెళ్లనక్కరలేదని యర్థము. మందు వాడుకను గూర్చిన సూచనలలో ఈ భేదము తెలియకున్న కీడు కలుగును. తెలుగులో 'కూడదు', 'అక్కరలేదు' అను మాటలు వేర్వేరుగా నున్నవి గనుక, మన పిల్లలకు ఈ భేదము ముందే తెలిసియున్నది. దానిని ఆంగ్లమునకు అన్వయించి చూపుటయే మిగిలిన పని.

ఆంగ్లము రాని తలిదండ్రులును ఈ సాయము చేయగలరు. రాత్రి భోజనమైన పిదప ఐదు మాటలు చాలును. మాట యర్థమును బిడ్డచే తెలుగులో చెప్పింపుడు. దానికి ఎదురు మాటను తెలుగులోనే అడుగుడు. పిమ్మట ఆంగ్లపు మాటను చెప్పించి, దానితో ఒక వాక్యము వ్రాయింపుడు. ఆ వాక్యమును మరునాడు ఉపాధ్యాయుడు దిద్దును. ఇంటి భాషలో అర్థము కుదిరిన మాటను బిడ్డ పరీక్ష ముగిసిన పిదపను మరువడు.