వాలు గోడల గుంట: సీఎన్‌సీ రూటర్ మీద టేపర్ పాకెట్

చెక్క మందంలో కొంత లోతు వరకు తవ్వి, అడుగు మిగిల్చిన గుంటను రూటర్ పనిలో పాకెట్ అంటారు. దాని గోడలు పైన ఎడంగా ఉండి కిందికి పోయేకొద్దీ దగ్గరవుతుంటే అది టేపర్ పాకెట్. గోడలు నిలువుగానే ఉండి అడుగు ఒక పక్కకు వాలే రకం కూడా ఉంది. తెలంగాణ పట్టణాల్లో దర్వాజలు, తలుపు రెక్కలు, దేవుడి మందిరాలు చెక్కే రూటర్ల మీద వాలు గోడల రకం బాగా పనికొస్తుంది. ముఖ్యంగా పొదుగుడు పనిలో, అంటే ఒక రంగు కర్రలో గుంట తీసి, మరో రంగు కర్రను అదే ఆకారంలో కోసి అందులో దించే పనిలో, దీన్ని మించిన పద్ధతి లేదు.

సిద్దిపేట చేనేతకు పేరు తెచ్చిన గొల్లభామ బొమ్మను ఒక టేకు తలుపులో పొదగాలనుకుంటే ఈ సంగతి తేటగా తెలుస్తుంది. నెత్తిన కుండతో నిలబడే ఆ బొమ్మ మగ్గం మీద పుట్టింది. అందుకే దాని అంచులు మెట్లు మెట్లుగా, మూలలతో నిండి ఉంటాయి. 6 మి.మీ. గుండ్రటి బిట్‌తో నిలువు గోడల పాకెట్ తీస్తే లోపలి మూలల్లో ప్రతిచోటా 3 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రటి మలుపు మిగిలిపోతుంది. పొదిగే ముక్క మూల మాత్రం కొసదేరి ఉంటుంది. రెండూ కలవవు. ప్రతి మూలనూ ఉలితో సరిచేయవచ్చు, లేదా 1 మి.మీ. బిట్ వాడవచ్చు. మొదటిదానికి పూట గడిచిపోతుంది, రెండోదానిలో బిట్ విరిగిపోతుంది.

వీ ఆకారపు బిట్‌కు ఈ చిక్కు లేదు. దాని మొన దగ్గర వ్యాసం దాదాపు సున్నా, పైకి పోయేకొద్దీ పెరుగుతుంది. గుంట వెడల్పుగా ఉన్నచోట బిట్ లోతుగా దిగుతుంది, మూల దగ్గరపడేకొద్దీ పైకి లేస్తూ వెళ్తుంది, సరిగ్గా మూల బిందువు దగ్గర మొన చెక్క ఉపరితలాన్ని తాకి బయటికొస్తుంది. అలా కోసిన మూల కత్తి అంచులా పదునుగా ఉంటుంది. ఎక్కడ ఎంత లేవాలో సాఫ్ట్‌వేర్ లెక్కగడుతుంది. ఆకారంలో పట్టే వృత్తాల్లో గీతను రెండు చోట్లయినా తాకే వాటి కేంద్రాలన్నిటినీ కలిపితే ఒక నడిగీత వస్తుంది. హ్యారీ బ్లమ్ 1967లో జీవుల ఆకారాలను వర్ణించడానికి ఈ ఊహను ముందుకు తెచ్చాడు. వరి కొయ్యకాళ్లున్న మడికి గట్ల పొడవునా ఒకేసారి నిప్పంటిస్తే, అన్ని వైపుల మంటలూ ఎదురుపడి ఆరిపోయే చోటే ఆ నడిగీత. సన్నటి గీతల్లో బిట్ దాని వెంటే నడుస్తుంది, మూలల్లోకి దాని కొమ్మల వెంటే ఎక్కుతుంది.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన లెక్క ఒక్కటే. వీ బిట్ కోసే గాడి వెడల్పు, లోతుకు రెట్టింపును బిట్ సగం కోణపు టాంజెంట్‌తో గుణించినంత. 60 డిగ్రీల బిట్ 5 మి.మీ. లోతు దిగితే 5.77 మి.మీ. వెడల్పు వస్తుంది. 90 డిగ్రీల బిట్‌కైతే 10 మి.మీ. వాలు గోడ ఉన్నచోట లోతూ వెడల్పూ వేరు వేరు కొలతలు కావు, ఒకటి మారితే రెండోది మారి తీరుతుంది. టేపర్ పాకెట్‌లోని సౌకర్యాలూ ప్రమాదాలూ అన్నీ ఇందులోంచే వస్తాయి.

డిజైన్ గుంటకు ఒకటి, ముక్కకు ఒకటి. గుంట లోతు 5 మి.మీ. అనుకుంటే, ముక్కను అద్దంలో తిరగేసిన బొమ్మగా గీసి, అసలు గీత చెక్క ముఖానికి 4 మి.మీ. కింద పడేలా పెడతారు. ఆ పైనున్న భాగం వాలు ప్రకారం సన్నబడుతుంది. అక్కడి నుంచి ఇంకో 1.5 మి.మీ. లోతుకు చుట్టూ తవ్వుతారు. ముక్కను బోర్లించి గుంటలో దించితే అది 4 మి.మీ. లోపలికి పోతుంది. అడుగున జిగురుకు 1 మి.మీ. ఖాళీ, రెండు చెక్కల ముఖాల మధ్య రంపం దూరడానికి 1.5 మి.మీ. సందు మిగులుతాయి.

ముక్క అన్ని వైపులా 0.1 మి.మీ. లావుగా వచ్చిందనుకుంటే నిలువు గోడల గుంటలో అది అసలు దిగదు. 60 డిగ్రీల బిట్‌తో తీసిన గుంటలో 0.17 మి.మీ. పైన ఆగుతుంది, అంతే. అంచు మాత్రం చుట్టూ వెంట్రుక సందు లేకుండా మూసుకుంటుంది. అంతే సన్నగా వస్తే 0.17 మి.మీ. కిందికి దిగి మళ్లీ మూసుకుంటుంది. పక్కల తప్పు లోతులోకి మళ్లిపోయి, జిగురు ఖాళీలో కలిసిపోతుంది. పక్కకు 7 డిగ్రీలే వాలున్న బిట్‌తోనైతే అదే తప్పుకు ముక్క 0.81 మి.మీ. కదులుతుంది. సన్నగా వచ్చిన ముక్క అప్పుడు దాదాపు అడుగును తాకుతుంది, కాబట్టి అక్కడ జిగురు ఖాళీ మరికాస్త ఎక్కువ ఉంచాలి. ఈ మన్నింపు తప్పు చుట్టూ సమానంగా ఉన్నప్పుడే పనిచేస్తుంది. ఒక పక్క లావు, ఒక పక్క సన్నం అయితే ఏ వాలూ ఆదుకోదు.

వాలు తగ్గేకొద్దీ ముక్క తనంతట తాను బిగుసుకునే గుణం పెరుగుతుంది. గోడ వాలు టాంజెంట్ ఆ కర్రల ఘర్షణ గుణకం కన్నా తక్కువైతే, సుత్తితో దిగ్గొట్టిన ముక్క పైకి రాదు. డ్రిల్ కాడలకు వాడే మోర్స్ టేపర్ పక్కకు సుమారు 1.5 డిగ్రీలే, అందుకే అది ఘర్షణతోనే నిలుస్తుంది. 60 డిగ్రీల బిట్ గోడ పక్కకు 30 డిగ్రీలు వాలుతుంది కనుక జిగురు ఆరేదాకా క్లాంపులు తప్పనిసరి. 7 డిగ్రీల ముక్కకు పట్టు ఎక్కువే గానీ, గట్టిగా కొడితే చీలలా పనిచేసి తలుపును ఈనె వెంట పగలగొట్టగలదు.

కోత దగ్గరికి వస్తే, అన్నిటికన్నా ముందు చెక్క ముఖం చదునుగా ఉందో లేదో చూడాలి. చెక్క 1 మి.మీ. వంగి ఉంటే 60 డిగ్రీల బిట్ గీత ఒక్కో పక్క 0.58 మి.మీ. జరుగుతుంది. బొమ్మలో ఒక చెయ్యి లావుగా, ఒకటి పీలగా కనిపించడానికి చాలాసార్లు కారణం ఇదే. అందుకే రూటర్ బల్ల మీది చెక్కను ముందు అదే యంత్రంతో చదును చేయాలి. మొన సున్నా ఎత్తు పట్టడంలో జాగ్రత్త పాటించాలి. బిట్ కోణాన్ని డబ్బా మీది అంకె చూసి నమ్మకూడదు. పనికిరాని ముక్కలో 5 మి.మీ. లోతు గీత కోసి వెడల్పు కొలిస్తే నిజం తెలుస్తుంది.

నడుమ భాగమంతా మొదట చదును బిట్‌తో, కొంచెం కొంచెంగా వాలుతూ దిగేలా తీసేయాలి. వీ బిట్‌తో అడుగు తవ్వడం తగదు. నిమిషానికి 18,000 చుట్ల వేగంలో 6 మి.మీ. వ్యాసం దగ్గర కోత వేగం నిమిషానికి 339 మీటర్లు. మొనకు దగ్గరగా, 0.2 మి.మీ. వ్యాసం దగ్గర అది 11 మీటర్లే. అక్కడ బిట్ కోయదు, రాపిడితో కర్రను నల్లగా మాడుస్తుంది. గోడలను కోసే పని మాత్రమే దానికి అప్పగించాలి. టేకులో సిలికా ఉంటుంది కాబట్టి కార్బైడ్ బిట్లే నిలుస్తాయి.

అడుగు వాలే పాకెట్ దారి వేరు. చదును బిట్‌తో తీస్తే అడుగంతా మెట్లుగా వస్తుంది. 5 డిగ్రీల వాలులో బిట్ 1 మి.మీ. చొప్పున పక్కకు జరిగితే ఒక్కో మెట్టు 0.087 మి.మీ. గుండ్రటి మొన ఉన్న టేపర్ బిట్‌తో వరసలు దగ్గరగా తోలితే గరుకు బాగా తగ్గుతుంది. 1 మి.మీ. వ్యాసార్ధపు మొనతో 0.2 మి.మీ. ఎడంలో వరసల మధ్య గట్టు 0.005 మి.మీ. మాత్రమే. కాడ లావుగా ఉండడం ఈ బిట్ బలం. గుండ్రటి కడ్డీ వ్యాసం రెట్టింపైతే వంగుడు పదహారో వంతుకు తగ్గుతుంది.

పొదిగే కర్రకు ఏటికొప్పాక బొమ్మల అంకుడు బాగా నప్పుతుంది. తెల్లగా, సన్నటి ఈనెతో ఉంటుంది. కొండపల్లి బొమ్మల పొణికి మరీ మెత్తన, దిగ్గొట్టేటప్పుడు అంచులు నలుగుతాయి. ముక్క ఈనె, తలుపు ఈనె ఒకే దిశలో ఉంచాలి, లేకపోతే ఎండకూ వానకూ రెండూ వేరువేరుగా కదిలి అతుకు విడుతుంది. టేకులోని నూనె జిగురును పట్టనివ్వదు కనుక అంటించే ముందు అసిటోన్‌తో తుడవాలి.

జిగురు ఆరాక మిగులు కర్రను రంపంతో కోసి, చిత్రిక పట్టి, సాండింగ్ చేస్తారు. ఇక్కడా లోతే వెడల్పు. ముఖం అర మి.మీ. అరిగితే గీత ఒక్కో పక్క 0.29 మి.మీ. సన్నబడుతుంది. బొమ్మలో 1 మి.మీ. వెడల్పు గీత ఉంటే 60 డిగ్రీల బిట్ అక్కడ దిగేది 0.87 మి.మీ. మాత్రమే, అంతకన్నా ఎక్కువ రుద్దితే ఆ గీతే ఉండదు. 30 డిగ్రీల బిట్‌తో అదే గీత 1.87 మి.మీ. లోతు ఉంటుంది. నాలుగైదేళ్లకోసారి రుద్ది మళ్లీ పాలిష్ పెట్టే సింహద్వారానికి 30 డిగ్రీల బిట్టే సరైనది.