సరస్సు ఒడ్డున చందమామ కోసం

పౌర్ణమి వచ్చిందంటే మిస్సిసాగా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తెల్లటి మచ్చలు వచ్చి పడుతుంటాయి. కంటికి వెండి పళ్లెంలా కనిపించిన చందమామ ఫోన్లో వీధి దీపంలా తేలుతుంది. పగలంతా కోడ్ రాసి, సాయంత్రం ట్రైపాడ్ భుజాన వేసుకుని ఒంటారియో సరస్సు ఒడ్డుకు వెళ్లడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. 'ఎలా తీస్తారు?' అని అడిగే మిత్రుల కోసం నాకు తెలిసిన నాలుగు మాటలు.

మొదటి కిటుకు ఇది. రాత్రి మనకే గానీ చంద్రుడికి కాదు. అక్కడ మనకు కనిపించే భాగం మీద ఎండ కాస్తోంది. కెమెరా చుట్టూ ఉన్న చీకటిని చూసి ఎక్కువ వెలుతురు లాక్కుంటుంది, చంద్రుడు తెల్లగా పేలిపోతాడు. అందుకే ఆటోమేటిక్ వదిలేసి పగటి సెట్టింగులే పెట్టాలి. పౌర్ణమికి ఐఎస్ఓ 100, అపర్చర్ ఎఫ్/11, షట్టర్ 1/100 సెకనుతో మొదలుపెడితే చాలు. ఫోనైతే చంద్రుడి మీద వేలు నొక్కిపట్టి, వెలుతురు బాగా తగ్గించండి. వీడియోకూ ఇదే సూత్రం. కాకపోతే చంద్రుడు తన వెడల్పంత దూరం రెండు నిమిషాల్లోనే జరిగిపోతాడు. బాగా జూమ్ చేస్తే కాసేపటికే ఫ్రేము దాటేస్తాడు. దారి ముందే చూసుకుని ఖాళీ వదలాలి.

ఇంకో మాట. గుంతలు, కొండలు బాగా కనబడాలంటే పౌర్ణమి కన్నా అష్టమి మేలు. పౌర్ణమి నాడు ఎండ ఎదురుగా పడి నీడలు ఉండవు. అష్టమి నాడు వెలుగూ చీకటీ కలిసేచోట నీడలు పొడవుగా సాగుతాయి. పౌర్ణమికి మాత్రం దక్షిణాన టైకో గుంత నుంచి నలుదిక్కులా పాకిన తెల్లటి చారలు చూడండి. ఆ గుంత వెడల్పు 85 కిలోమీటర్లు. దానికన్నా ఇంకా దక్షిణానే, 2023 ఆగస్టు 23న, మన శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-3 దిగింది.

ఎక్కడ నుంచి తీయాలి? పోర్ట్ క్రెడిట్ తీరం నాకిష్టం. అక్కడి నుంచి టొరంటో సీఎన్ టవర్ దాదాపు 18 కిలోమీటర్లు, ఈశాన్య దిక్కున. శీతాకాలపు పౌర్ణములు కూడా ఈశాన్యం వైపే ఉదయిస్తాయి. తేదీ, నిలబడే చోటు కుదిరితే చంద్రుడు టవర్ వెనుక నుంచి లేస్తాడు. ఆ దూరం నుంచి 553 మీటర్ల టవర్ పక్కన చంద్రుడు 160 మీటర్ల పైచిలుకు బంతిలా ఉంటాడు. ఇంకా వెనక్కి వెళ్తే టవర్ చిన్నదవుతుంది, చంద్రుడు అంతే ఉంటాడు. ఫొటోపిల్స్, స్టెలేరియం లాంటి యాప్‌లు దిక్కూ సమయమూ ముందే చెబుతాయి. పియర్సన్ విమానాశ్రయం మన ఊళ్లోనే ఉంది కాబట్టి, ఓపిక పడితే చంద్రుడి ముందు నుంచి విమానం దాటడమూ దొరకొచ్చు. చలికి బ్యాటరీలు త్వరగా పడిపోతాయి, అదనపు బ్యాటరీ లోపలి జేబులో ఉంచుకోండి. తిరిగొచ్చాక కెమెరాను ప్లాస్టిక్ సంచిలో కట్టేసి ఇంట్లోకి తేవాలి, లేకపోతే వేడికి లెన్సు మీద చెమ్మ పడుతుంది.

ఇప్పుడు ఫోన్ల సంగతి. 2023 మార్చిలో ఒకాయన, కావాలని మసకబార్చిన చంద్రుడి బొమ్మను కంప్యూటర్ తెరపై పెట్టి, చీకటి గదిలో దూరం నుంచి ఓ పేరున్న కంపెనీ ఫోనుతో తీశారు. తెర మీద లేని గుంతలు ఫొటోలో వచ్చాయి! కృత్రిమ మేధతో వివరాలు మెరుగుపరుస్తున్నామని, వద్దనుకుంటే ఆపేసుకోవచ్చని కంపెనీ వివరణ ఇచ్చింది. నేనైతే ఆపేయమనే చెబుతాను. కారణం సాంకేతికం కాదు.

నాన్న పోయాక అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటోంది. కార్తీక మాసంలో తెల్లవారుజామునే లేచి దీపం పెట్టుకుని డాబా ఎక్కుతుంది. పౌర్ణమి నాడు ఆమెకు నాలుగు గంటలంటే నాకు ముందురోజు సాయంత్రం ఐదున్నర. అక్కడ చంద్రుడు పడమటికి వాలుతుంటాడు, ఇక్కడ అప్పుడే తూర్పున పైకొస్తుంటాడు. ఇద్దరం ఒకే సమయంలో, ఒకే వస్తువును నేరుగా చూడగలిగేది ఆ కాసేపే. వీడియో కాల్లో అది ఉత్త తెల్ల మచ్చ. అందుకే కెమెరాతో తీసి పంపుతాను.

"మీ ఊళ్లో కుందేలు పల్టీ కొట్టిందేంట్రా?" అంది ఓసారి. నిజమే. ఆమె చూసేది వాలే చంద్రుణ్ని, నేను చూసేది లేచే చంద్రుణ్ని. పైగా తెనాలి 16 డిగ్రీల అక్షాంశంలో ఉంటే మనం 43 దాటి ఉన్నాం. రెండూ కలిసి ఆ బొమ్మ దాదాపు మూడో వంతు చుట్టు తిరిగిపోతుంది. ఫొటోను తిప్పి పంపనా అంటే వద్దంది. "నీకెలా కనపడుతోందో అలాగే పంపు, నేనే తల వంచి చూస్తాలే."

చేయి వణికినా, అంచు మసకైనా, మీ వాళ్లకు మీరు చూసిన చంద్రుణ్నే పంపండి. వచ్చే పౌర్ణమికి సూర్యాస్తమయానికి అరగంట ముందే తీరానికి రండి. గ్లవ్స్ మర్చిపోవద్దు.