నికాహ్ ఫొటోలకు కెమెరా కొంటున్నారా? లెన్స్, కార్డు మరిచిపోకండి

నగరి: మరమగ్గాల ఊరు నగరిలో పెళ్లి ఫొటోలు తీసి బతకాలనుకునే కుర్రాళ్లు ముందు అడిగేది ఒకటే: ఏ కెమెరా కొనాలి? డబ్బంతా బాడీకే పెడితే మాత్రం ఇబ్బందే.

బాడీ: ఆల్బమ్‌కు 24 మెగాపిక్సెల్స్ చాలు. అంతకన్నా ముఖ్యం రెండు కార్డు స్లాట్లు. ప్రతి ఫొటో రెండింట్లోనూ పడేలా సెట్ చేసుకుంటే ఒక కార్డు పాడైనా రెండోది ఆదుకుంటుంది. ఖాజీ సాబ్ ముందు దూల్హా 'ఖుబూల్ హై' అన్న క్షణం మళ్లీ రాదు కదా! సెకండ్ హ్యాండ్ అయితే షట్టర్ కౌంట్ చూడాలి.

లెన్స్: షాదీఖానాల్లో రాత్రిపూట వెలుగు తక్కువ. కెమెరాతో వచ్చే 18-55 లెన్స్‌ను పూర్తిగా జూమ్ చేస్తే మామూలుగా ఎఫ్ 5.6 దగ్గర ఆగుతుంది. 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ దానికి దాదాపు 10 రెట్లు వెలుగు తీసుకుంటుంది. మిగతా లెన్సులతో పోలిస్తే ధర కూడా తక్కువే. అయితే ఏపీఎస్-సీ సెన్సర్ కెమెరాలో అది దృశ్యాన్ని బాగా దగ్గరగా చూపిస్తుంది. కాబట్టి ఖాందాన్ గ్రూప్ ఫొటోలకు పాత 18-55 ఉంచుకోండి. కొనేముందు లెన్స్ మౌంట్ మీ బాడీకి సరిపోతుందో లేదో చూసుకోండి.

కార్డు: పైన పెద్దగా కనిపించే అంకె చాలాసార్లు చదివే వేగం. వీడియోకు చూడాల్సింది 'వీ30' గుర్తు. అంటే సెకనుకు కనీసం 30 ఎంబీ రాస్తుందని అర్థం.

ఇంకో మాట. ఫార్మాట్ చేసినా పాత ఫొటోలను చాలాసార్లు వెనక్కి తీయవచ్చు. జనానాలో తీసిన ఫొటోలు మీ దగ్గరున్న అమానత్. ఆ కార్డును ఎవరికీ అమ్మొద్దు, అరువివ్వొద్దు.