మృదులాస్థిలో కొలాజన్ ఆనవాళ్ళు

ఎముకలు కలిసే చోట వాటి కొనలను కప్పి ఉండే నునుపైన పొరను మృదులాస్థి అంటారు. నడకలోను, పరుగులోను మోకాలిపై పడే బరువును ఓర్చుకొనేది ఈ పొరయే. దీనిలో రక్తనాళాలు లేవు. అందువల్ల దెబ్బతిన్నచో పూర్వస్థితికి రావడం అరుదు. గాయపడిన చోట కొత్త కణజాలం పెరిగినా అది అసలైన మృదులాస్థియేనా? ఈ ప్రశ్నకు సమాధానం కొలాజన్ అనే ప్రోటీనులో ఉంది.

కొలాజన్ అణువు ముప్పేట త్రాడు వంటిది. ఈ నిర్మాణాన్ని 1954-55లో మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. కొలాజన్లలో 28 రకాలు గుర్తింపు పొందాయి. చర్మంలోను, ఎముకలోను మొదటి రకం అధికం. దానిలో రెండు పేటలు ఒక తీరువి, మూడవది వేరు. కీళ్ళ మృదులాస్థిలో రెండవ రకం ప్రధానం. దానిలో మూడు పేటలూ ఒకే తీరువి. దీనిని 1969లో మిల్లర్, మటూకాస్ కోడిపిల్లల మృదులాస్థిలో కనుగొన్నారు.

ఈ రకాలను గుర్తించడానికి ముఖ్యంగా రెండు మార్గాలున్నాయి. మొదటిది రసాయనిక మార్గం. కణజాలాన్ని చల్లని ఆమ్లద్రావణంలో పెప్సిన్ అనే ఎంజైముతో నానబెడతారు. ఇతర ప్రోటీనులు జీర్ణం కాగా, కొలాజన్ ముప్పేట చెదరక ద్రావణంలోకి వస్తుంది. వేడిచేసి పేటలను విడదీసి, జెల్ పలకలో విద్యుత్తు ప్రసరింపజేస్తే అవి పట్టీలుగా ఏర్పడతాయి. మొదటి రకానికి రెండు పట్టీలు, రెండవ రకానికి ఒకటి. అయితే రెండు రకాల ప్రధాన పేటలూ ఇంచుమించు ఒకే చోటికి చేరతాయి. ఈ చిక్కును సయనోజన్ బ్రోమైడు తీరుస్తుంది. అది మిథియోనిన్ ఉన్న చోటనే పేటను తెంచుతుంది. ఆ స్థానాలు రకాన్ని బట్టి మారుతాయి గనుక ముక్కల అమరికయు మారుతుంది.

రెండవది ప్రతిరక్షకాల మార్గం. కణజాలాన్ని పలుచని పొరలుగా కోసి, అడ్డుపడే పిండిపదార్థాలను హయలురోనిడేజ్ అనే ఎంజైముతో తొలగిస్తారు. పిమ్మట ఒక రకాన్ని మాత్రమే అంటుకొనే ప్రతిరక్షకాన్ని చేర్చి, రంగు పుట్టిస్తారు. పోలిక కొరకు ప్రతిరక్షకం చేర్చని పొరను కూడ పరీక్షిస్తారు. మొదటి మార్గం ఏ రకమున్నదో తెలిపితే, ఇది ఎక్కడున్నదో చూపుతుంది.

రోగి మృదులాస్థి కణాలనే పెంచి మోకాలిలో నాటే చికిత్సను 1994లో స్వీడన్ వైద్యులు ప్రకటించారు. కాని చదునైన పాత్రలో పెరిగిన కణాలు క్రమంగా రెండవ రకాన్ని మాని మొదటి రకాన్ని తయారుచేస్తాయి. మొదటి రకంతో నిండిన కణజాలం పైకి తెల్లగా, నునుపుగా కనిపించినా చిరకాలం బరువు మోయజాలదు. కనుక రోగికి మిగిలినది మృదులాస్థియో, మచ్చయో తేల్చవలసినది కన్ను కాదు, పరీక్షయే.