ముల్జిమ్ వేరు, ముజ్రిమ్ వేరు: ఆరోపణ వచ్చినప్పుడు మాట్లాడే తీరు

పాఠాలు చెప్పే ఉస్తాద్ మీదో, ఆఫీసులో పెద్ద ఉద్యోగి మీదో, దగ్గరి బంధువు మీదో లైంగిక వేధింపుల ఆరోపణ వచ్చిందంటే చాలా ఇళ్లలో ముందు వినిపించేది జోకు. "ఆయన మొదట్నుంచీ కాస్త రంగీలా మనిషేలే" అని ఒకరు నవ్వుతారు. "ఏక్ హాథ్ సే తాలీ నహీఁ బజ్‌తీ" అని ఇంకొకరు అందుకుంటారు. తెలుగులోనూ అదే మాట సిద్ధంగా ఉంది, ఒంటి చేత్తో చప్పట్లు మోగవని. మొదటి జోకు ఆరోపణ నిజమేనని తేల్చేసి, దాన్ని సరదా కింద కొట్టేస్తుంది. రెండోది ఏమీ వినకుండానే అమ్మాయికి సగం తప్పు పంచేస్తుంది. ఆ నవ్వులు విన్న ఇంటి పిల్ల రేపు తనకేదైనా జరిగితే అదే గదిలో నోరు విప్పుతుందా?

మాటల్లోనూ తీర్పు దాగి ఉంటుంది. తెలుగులో మానభంగం అంటారు, ఉర్దూలో ఇజ్జత్ లూట్ లియా అంటారు. దౌర్జన్యం చేసింది ఒకడైతే, మానం పోయింది, ఇజ్జత్ పోయింది అని లెక్క ఆమె ఖాతాలో రాస్తారు. లైంగిక దాడి అంటే చేసినవాడి పని కనిపిస్తుంది. అటువైపు కూడా ఇలాంటి పొరపాటే ఉంది. ముల్జిమ్ అంటే ఇల్జామ్ ఎదుర్కొంటున్నవాడు, నిందితుడు. ముజ్రిమ్ అంటే నేరం రుజువైనవాడు, దోషి. వినడానికి దగ్గరగా ఉంటాయి గనక నోట్లో ఒకటి ఇంకొకటైపోతుంది. కేసు నమోదైన సాయంత్రానికే మనిషి ముజ్రిమ్ అయిపోతాడు.

ఇక దీన్ పేరుతో తరచూ వినిపించే మాట: "నలుగురు సాక్షులేరీ?" సూరా నూర్ నాలుగో ఆయతులోని ఆ నియమం, శీలవతులపై వ్యభిచార నింద వేసి రుజువు చూపలేనివారి గురించి. ఆడవాళ్ల గౌరవాన్ని నోటి దురుసు నుంచి కాపాడటానికి వచ్చిన నియమాన్ని ఆడవాళ్ల నోరు మూయించడానికి వాడటం తలకిందుల వ్యవహారం. తనపై జులుం జరిగిందని చెప్పుకునే స్త్రీ పుకారు లేపడం లేదు, ఫిర్యాదు చేస్తోంది. చెడును బాహాటంగా పలకడం అల్లాహ్‌కు ఇష్టం లేదని చెప్పిన సూరా నిసా 148వ ఆయతు కూడా అన్యాయానికి గురైనవారిని మినహాయించింది.

హజ్రత్ ఆయిషా (రజి) మీద వచ్చిన అపనిందను చూపించి, "అమ్మాయిల ఆరోపణలు నమ్మొద్దు" అనేవారూ ఉన్నారు. ఆ సంఘటనలో స్త్రీ ఆరోపణ చేయలేదు, ఆమె మీదే జనం ఆరోపణ మోశారు. ఒక నాలుక నుంచి మరో నాలుకకు మాట మోస్తూ దాన్ని తేలికగా తీసుకున్నందుకే సూరా నూర్ 15వ ఆయతు మందలించింది. తేలికగా తీసుకోవడమంటే నేటి భాషలో జోకు, ఫార్వర్డ్ మెసేజ్.

తిర్మిజీ, అబూ దావూద్ సంకలనాల్లో హజ్రత్ వాయిల్ బిన్ హుజ్ర్ (రజి) ఉల్లేఖన ఒకటుంది. నమాజుకు వెళుతున్న స్త్రీపై ఒకడు దౌర్జన్యం చేసి పారిపోయాడు. ఆమె కేకలు పెట్టింది, అటుగా వెళుతున్న ఒక మనిషిని చూపించింది, జనం పట్టుకొచ్చారు. ఇతనే అని ఆమె ప్రవక్త (సల్లం) ఎదుట కూడా అంది. శిక్షకు సిద్ధమవుతుండగా అసలువాడు లేచి, చేసింది నేనేనని ఒప్పుకున్నాడు. చివరి శిక్ష గురించి ఉల్లేఖనాల్లో తేడాలున్నాయి. కానీ పొరబడిన ఆ స్త్రీకి అపనింద శిక్ష వేయలేదు, అల్లాహ్ క్షమించాడని చెప్పి పంపారు. నిర్దోషిగా తేలిన మనిషితో మంచి మాటలు చెప్పారు. ఇద్దరి గౌరవమూ నిలిచింది. తప్పు మనిషిని పట్టుకొచ్చినవాళ్లు కూడా ఎంతో నమ్మకంతోనే పట్టుకొచ్చారు.

అలాంటి గుంపు నమ్మకం ఎంత దూరం పోతుందో తెలంగాణ 2019లో చూసింది. శంషాబాద్ దగ్గర జరిగిన దిశ ఘటనలో నిందితులు నలుగురు, వారిలో ముస్లిం ఒక్కడే. సోషల్ మీడియాలో ఆ ఒక్క పేరునే ముందుకు తోసి మొత్తం సమాజాన్ని బోనెక్కించారు. డిసెంబరు 6న నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోతే పూలు చల్లారు. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, వారిలో ముగ్గురు మైనర్లని సిర్పుర్కర్ కమిషన్ తర్వాత తన నివేదికలో పేర్కొంది. ఆ రోజు ఒక్క పేరునే పట్టుకున్నారని బాధపడినవారు, వేరే మతం మనిషి మీద ఆరోపణ రాగానే అదే పని చేస్తే ఏమనాలి? నిందితుడు సొంతవాడైతే "సబూత్ ఏదీ", పరాయివాడైతే "ఉరి తీయాలి" అంటే అది ఇన్సాఫ్ కాదు, పక్షపాతం.

చట్టం కూడా ఈ రెండు వైపులనూ చూస్తుంది. 2013 నాటి పని ప్రదేశాల లైంగిక వేధింపుల చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి, అది ఇద్దరి మాటా వినాలి. దురుద్దేశంతో అబద్ధపు ఫిర్యాదు చేసినట్టు తేలితే చర్య ఉంటుంది. రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఫిర్యాదుదారుపై చర్య తీసుకోకూడదని సెక్షన్ 14 చెబుతోంది. రుజువు కాకపోవడం వేరు, అబద్ధం కావడం వేరు.

అత్యాచార బాధితురాలి పేరుగానీ, గుర్తుపట్టే వివరాలుగానీ ప్రచురిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 కింద రెండేళ్ల వరకు జైలు. "ఫలానా గల్లీ, ఫలానావాళ్ల కోడలు" అని గ్రూపులో రాసినా గుర్తు చెప్పినట్టే.

పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల విషయమైతే జమాత్‌లో కూర్చుని తేల్చేసే మాటే లేదు. తెలిసినవారెవరైనా పోలీసులకు చెప్పాలని పోక్సో చట్టం 19వ సెక్షన్ ఆదేశం. చెప్పకుండా దాస్తే అదే ఒక నేరం. ఇంటి పరువు, మసీదు పేరు, మదర్సా పేరు ఏదీ అందుకు సాకుగా చెల్లదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098, మహిళలది 181.