ఒకే మైకు, రెండు చెవులు

మాటతో కంప్యూటరుకు పని చెప్పే సాఫ్ట్‌వేర్ రెండు రకాలు. మొదటిది వాయిస్ అసిస్టెంట్. గూగుల్ అసిస్టెంట్, జెమిని, అలెక్సా, సిరి ఈ కోవలోవి. పిలిస్తే పలుకుతాయి, అడిగినదానికి జవాబు చెబుతాయి. రేపు నంద్యాలలో వాన ఉందా, ఆదోని మార్కెట్లో పత్తి ధర ఎంత, సాయంత్రం అయిదింటికి గుర్తు చెయ్యి - ఇలాంటివి వాటికి అలవాటైన పనులు. రెండోది వాయిస్ కంట్రోల్. దీనికి లోకజ్ఞానం లేదు. కీబోర్డు, మౌస్ చేసే పనిని నోటికి అప్పగించడం ఒక్కటే దీనికి తెలుసు: ఫైలు తెరవడం, పేజీని కిందికి జరపడం, ఫలానా బటన్ నొక్కడం. ఎక్సెల్‌లో మూడో గడిలోకి పొమ్మంటే మామూలు అసిస్టెంట్ చేతులెత్తేస్తుంది. పత్తి ధర అడిగితే వాయిస్ కంట్రోల్‌కు అది ఆజ్ఞ కిందే లెక్కకు రాదు. ఇంటి కంప్యూటరును చేయి పెట్టకుండా నడపాలంటే రెండూ ఉండాలి. ఒకే మైకు ముందు రెండింటినీ కూర్చోబెట్టడంలోనే చిక్కు ఉంది.

ఇది ఎవరికి అవసరమన్నది ముందే తేల్చుకోవడం మంచిది. పక్షవాతంతోనో ప్రమాదంలోనో చేయి పడిపోయినవాళ్లకు, వేళ్లు వణికే పెద్దవాళ్లకు, రోజంతా టైపు చేసి మణికట్టు నొప్పి తెచ్చుకున్నవాళ్లకు ఇది సరదా కాదు, దారి. తెలుగు టైపింగ్ నేర్చుకోకుండానే తెలుగులో రాయాలనుకునేవాళ్లు మరో పెద్ద గుంపు. ప్రొద్దుటూరు అంగట్లో లెక్కలు చూసేవాళ్లయినా, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో ప్రాజెక్టు రిపోర్టు రాసే పిల్లలయినా ఈ గుంపులోకే వస్తారు.

ఇడుపులపాయ పేరు ఇక్కడ ఊరికే రాలేదు. కడప జిల్లాలోని ఆ క్యాంపస్ 2008లో మొదలైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయంలో భాగం. దానికి తొలి చాన్సలర్ రాజ్ రెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన దబ్బాల రాజగోపాలరెడ్డి ఆయనే. మనిషి మాటను కంప్యూటరుకు అర్థమయ్యేలా చేసే శాస్త్రానికి పునాదులు వేసినవాళ్లలో ఒకరు. 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్ తీసుకుని, 1969లో కార్నెగీ మెలన్ చేరి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. రాయలసీమలో పుట్టిన మనిషి వేసిన బాట మీద నడిచిన యంత్రాలు రాయలసీమ యాసకు ఇంకా తడబడుతుండటం విచిత్రమే. ఆ సంగతి తర్వాత.

1970ల తొలి రోజుల్లో రాజ్ రెడ్డి బృందం తయారుచేసిన హియర్‌సే-1 నోటితో చెప్పిన ఎత్తులు విని చదరంగం ఆడేది. ఇప్పటి చవక ఫోనుకున్న శక్తి కూడా ఆనాటి కంప్యూటర్లకు లేదు. అయినా ఆట సాగింది, కారణం చదరంగమే. పావులు ఏ క్షణంలో ఎక్కడున్నాయో తెలిస్తే, ఆ స్థితిలో కుదిరే ఎత్తులు కొన్నే ఉంటాయి. విన్నది అస్పష్టంగా ఉన్నా, వాటిలో దేనికి దగ్గరగా ఉందో చూస్తే సరిపోతుంది. తర్వాత అదే విశ్వవిద్యాలయంలో 1976లో పూర్తయిన హార్పీ వెయ్యికి పైగా మాటలను గుర్తుపట్టగలిగింది. దానికీ వాక్యాలు ఎలా ఉండాలో ముందే గీత గీసి ఉంచారు.

వాయిస్ కంట్రోల్ ఈనాటికీ ఆ సూత్రం మీదే బతుకుతోంది. అది ఎదురుచూసే ఆజ్ఞలు పరిమితం. తెర మీద పది బటన్లుంటే చెప్పిన మాట ఆ పదింటిలో ఒకటి కావాలి. అందుకే అది ఇంటర్నెట్ లేకుండా, కంప్యూటరు లోపలే పని ముగించగలదు. అసిస్టెంట్‌కు ఆ వెసులుబాటు లేదు. ఎవరు ఏమడుగుతారో తెలియదు కాబట్టి, పిలుపు వినబడగానే ఎక్కువ ప్రశ్నలను దూరాన ఉన్న సర్వర్లకు పంపి జవాబు తెప్పిస్తుంది.

విండోస్‌లో ఈ రెండు దారులూ చాలాకాలం కలవకుండా సాగాయి. 2007లో వచ్చిన విస్టాలోనే మాటతో నడిపే సాఫ్ట్‌వేర్ ఉండేది. దానికి తెలుగు రాదు, హిందీ కూడా రాదు. 2015లో విండోస్ 10తో కోర్టానా అనే అసిస్టెంట్ దిగింది. 2023లో దాన్ని సాగనంపారు. దాదాపు అదే సమయంలో విండోస్ 11లో పాత వాయిస్ కంట్రోల్ స్థానంలోకి ‘వాయిస్ యాక్సెస్’ వచ్చింది. ఆపిల్ కంప్యూటర్లలో ‘వాయిస్ కంట్రోల్’ అనే పేరుతోనే 2019 నుంచి ఇలాంటిది ఉంది. సాధారణ ఇళ్లలో కనబడేది విండోసే కనుక మిగతా వివరణ ఎక్కువగా దాని గురించే.

వాయిస్ యాక్సెస్‌కు తెలుగు రాదు. ఆజ్ఞ అయినా రాత అయినా ఇంగ్లిష్‌లో చెప్పాలి, భారతీయ ఇంగ్లిష్‌ను ఎంచుకోవచ్చు. ‘ఓపెన్ నోట్‌ప్యాడ్’, ‘స్క్రోల్ డౌన్’ లాంటివి ఒక్క పూటలో నోటికి పట్టుబడతాయి. బటన్ పేరు తెలియనప్పుడు ‘షో నంబర్స్’ అంటే తెర మీద నొక్కదగ్గ ప్రతిచోటా ఒక అంకె వెలుస్తుంది. ‘క్లిక్ సెవెన్’ అంటే ఏడో అంకె ఉన్నచోట నొక్కినట్టే. అంకె కూడా అందని మూలకు ‘షో గ్రిడ్’ ఉంది. తెరను తొమ్మిది గళ్లుగా చీల్చి, ఎంచుకున్న గడిని మళ్లీ తొమ్మిదిగా చీలుస్తూ పోతుంది. ఇంగ్లిష్ బాగా రానివాళ్లు కూడా ఈ పాతిక ముప్పై మాటలతో నెట్టుకురావచ్చు.

తెలుగు వినేవి వేరే ఉన్నాయి. గూగుల్ 2017లో తన వాయిస్ టైపింగ్‌కు తెలుగును చేర్చింది, తర్వాత అసిస్టెంట్‌కూ తెలుగు నేర్పింది. జెమినితో తెలుగులో ముచ్చటించే సౌకర్యాన్ని 2024 అక్టోబరులో ప్రకటించింది. గూగుల్ డాక్స్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కితే మైకు గుర్తు వస్తుంది. భాషగా తెలుగును ఎంచుకుంటే చెప్పింది చెప్పినట్టు అక్షరాలవుతుంది. విండోస్‌లో విండోస్ కీతో హెచ్ కలిపి నొక్కినా తెలుగు డిక్టేషన్ దొరుకుతుంది. ఈ రెండింటికీ నెట్ ఉండాలి. అలెక్సా 2019లో హిందీ నేర్చింది. అంటే ఇప్పటికి పని మూడు ముక్కలైంది: ఆజ్ఞలు ఇంగ్లిష్‌లో, రాత తెలుగులో, ప్రశ్నలు ఏ భాష వీలైతే ఆ భాషలో. అందంగా లేకపోయినా, ఇంగ్లిష్, తెలుగు కలగలిపి మాట్లాడే ఇళ్లకు ఇది మరీ కొత్త కాదు.

మూడింటినీ కలిపేచోట తొలి తగవు మైకు దగ్గర. చాలామంది అనుకునేది, ఒక ప్రోగ్రామ్ మైకును పట్టుకుంటే రెండోదానికి అందదని. విండోస్‌లో సాధారణంగా అలా జరగదు. ఒకే మైకు శబ్దం ఎన్ని ప్రోగ్రాములకైనా ఒకేసారి అందుతుంది, తగవు పుట్టేదీ అందుకే. డాక్స్‌కు తెలుగు చెబుతుంటే వాయిస్ యాక్సెస్ దాన్ని తనకు తెలిసిన ఇంగ్లిష్‌గా మార్చుకుని ఏదో ఒకటి రాసిపారేస్తుంది. ‘ప్రెస్ ఎంటర్’ అని వాయిస్ యాక్సెస్‌కు చెబితే, డాక్స్ ఆ మాటల్నే తెలుగు లిపిలో పేరా మధ్య కూర్చోబెడుతుంది. డాక్స్‌కు సొంతంగా దిద్దుబాటు ఆజ్ఞలున్నా అవి ఇంగ్లిష్ రాతకే పనికొస్తాయి. తెలుగు రాసేటప్పుడు ‘న్యూ లైన్’ అంటే అదీ అక్షరాలే అవుతుంది.

కాబట్టి ఒకరు వింటున్నప్పుడు మరొకరు నిద్రపోవాలి. ‘వాయిస్ యాక్సెస్ స్లీప్’ అంటే అది పడుకుంటుంది, ‘వాయిస్ యాక్సెస్ వేక్ అప్’ అనేదాకా మరేమీ పట్టించుకోదు. ఒక పేరా తెలుగులో చెప్పడం, వాయిస్ యాక్సెస్‌ను నిద్రలేపడం, చుక్కలు, కామాలు, కొత్త పేరా అన్నీ ఆజ్ఞలతో సరిచేయడం, మళ్లీ పడుకోబెట్టడం - పని ఈ వరుసలో సాగితే చికాకు తగ్గుతుంది. నిద్రలేపే ఆ మాటలు కూడా డాక్స్‌లో పడతాయి. మొదటి ఆజ్ఞతో డాక్స్ మైకును ఆపి, ఆ తర్వాత వాటిని తుడిచేయాలి. ఒక్క కీ అయినా నొక్కగలిగినవాళ్లు డిక్టేషన్‌ను చేత్తోనే ఆపడం మేలు. వాయిస్ యాక్సెస్‌లో సొంత షార్ట్‌కట్లు కూడా తయారుచేసుకోవచ్చు. ఒక చిన్న మాటకు ఫలానా ఫైలు తెరిచి, ఫలానా కీలు నొక్కమని ముందే కట్టిపెడితే, ఆ ఒక్క మాటతో డాక్స్ తెరుచుకుని తెలుగు మైకు సిద్ధమవుతుంది.

అసిస్టెంట్‌ను కంప్యూటరులోకి తీసుకురాకపోవడమే చాలా ఇళ్లలో తెలివైన పని. ఫోనులోనో స్పీకరులోనో దాన్ని పక్కన ఉంచితే పేరు పెట్టి పిలిచినప్పుడే పలుకుతుంది, కంప్యూటరు మైకుతో దానికి పోటీ ఉండదు. దాని జవాబు గట్టిగా వినబడితే మాత్రం వాయిస్ యాక్సెస్ దాన్నీ మనిషి మాటే అనుకుంటుంది. చూపు లేనివాళ్లు వాడే ఎన్‌వీడీఏ లాంటి తెర చదివే సాఫ్ట్‌వేర్‌తోనూ ఇదే ఇబ్బంది: కంప్యూటరు చదివింది కంప్యూటరే విని ఆజ్ఞగా తీసుకుంటుంది. చెవికి హెడ్‌ఫోన్ తగిలిస్తే ఈ గొడవ సగం తీరుతుంది.

హెడ్‌ఫోన్ మైకు నోటికి దగ్గరగా ఉండటం రాయలసీమ ఇళ్లకు మరీ ముఖ్యం. యర్రగుంట్ల, జమ్మలమడుగు, బేతంచెర్ల చుట్టుపక్కల తీసే నాపరాయి నేలలో, అరుగుల్లో, కొన్నిచోట్ల గోడల్లో కూడా ఉంటుంది. వేసవిలో చల్లగా ఉంటుంది, కానీ ధ్వనిని పీల్చుకోదు. మాట మైకుకు ఒకసారి నేరుగా, తర్వాత రాయికి తగిలి కాస్త ఆలస్యంగా ఇంకోసారి చేరుతుంది. ఒక అక్షరం చివర, తర్వాతి అక్షరం మొదలు ఒకదానిమీద ఒకటి పడి, యంత్రం తడబడుతుంది. దానికి తోడు ఎండాకాలం నలభై డిగ్రీలు దాటినప్పుడు తిరిగే ఫ్యాను, కూలరు. కూర్చునేచోట చాప పరిచి, వెనక గోడకు దుప్పటి వేలాడదీసి, కూలరు గాలి మైకుకు తగలకుండా తిప్పుకుంటే ఖరీదైన మైకు కొన్నంత తేడా వస్తుంది.

గది బాగుపడినా యాస మిగిలే ఉంటుంది. మాట గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌కు వ్యాకరణం ఎవరూ చెప్పరు. వేల గంటల మాటలు వినిపించి, వాటి రాత చూపిస్తే అదే నేర్చుకుంటుంది. ఆ గంటల్లో ఎవరి గొంతు ఎక్కువుంటే వాళ్ల తెలుగే దానికి తెలుగు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగును నాలుగు మాండలికాలుగా చూస్తూ కర్నూలు, కడపలను దక్షిణ మాండలికంలో చేర్చారు. ఇక్కడ ‘వస్తున్నాడు’ కాదు, ‘వస్తాండాడు’. ‘చేస్తున్నాను’ అనేది ‘చేస్తాండా’. ‘ఎక్కడ’కు ‘యాడ’, ‘చాలా’కు ‘శానా’. వార్తల తెలుగు విని పెరిగిన యంత్రం వీటిని దగ్గరగా వినిపించే మరో మాటగా మార్చేస్తుంది, ఒక్కోసారి ఉన్నదాన్ని మింగేస్తుంది. గొర్రు, గుంటక, సద్దలు, బుడ్డలు లాంటి సేద్యపు మాటలకు పరిస్థితి ఇంకా అధ్వానం. కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల వృత్తిపదకోశం 1962లోనే అచ్చయింది. ఆ పదాలు పుస్తకంలో ఉన్నాయి గానీ, జనం నోట పలికిన రికార్డింగుల్లో తగినన్ని లేవు.

ఈ లోటు తీర్చే పని మొదలైంది. 2018లో మైక్రోసాఫ్ట్ ఒక పరిశోధన పోటీ కోసం తెలుగు, తమిళం, గుజరాతీలకు ఒక్కోదానికి 50 గంటల చొప్పున మాటలు విడుదల చేసింది. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ తర్వాత జనం నుంచే దాదాపు 2,000 గంటల తెలుగు మాటలు సేకరించింది. తెలంగాణ, కోస్తాలతో పాటు రాయలసీమ గొంతులూ అందులో ఉన్నాయి. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ 2024లో ప్రకటించిన ఇండిక్‌వాయిసెస్ 22 భాషలకు చెందిన 7,348 గంటల సేకరణ. అందులో ఎక్కువభాగం చూసి చదివింది కాదు, మనుషులు తోచినట్టు మాట్లాడింది.

ఆ లోటు తీరేదాకా రాజీ తప్పదు. ఉత్తరానికో అర్జీకో డిక్టేషన్ ఇచ్చేటప్పుడు క్రియలను పుస్తకాల తెలుగులో పలికితే దిద్దుబాటు తగ్గుతుంది. కథో, అవ్వ చెప్పిన సంగతో రాసుకునేటప్పుడు యాసను వదలకూడదు. తప్పులు పడ్డా తర్వాత సరిచేసుకోవచ్చు. మనుషుల, ఊళ్ల పేర్లు అప్పుడప్పుడు దెబ్బతింటాయి. పత్తికొండ, ఎమ్మిగనూరు లాంటి తరచూ వచ్చే పేర్లను ఒక ఫైలులో సరిగ్గా రాసిపెట్టుకుని, తప్పు పడినచోట మార్చుకోవడం సులువు. ఆపిల్ వాయిస్ కంట్రోల్‌లో ఇలాంటి కొత్త మాటలను ముందే చేర్చుకునే వీలుంది.

నెట్ పోయినప్పుడు ఏది ఆగుతుందో తెలిసి ఉండాలి. తెలుగు డిక్టేషన్ ఆగుతుంది, అసిస్టెంట్ దాదాపు మూగబోతుంది, వాయిస్ యాక్సెస్ మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. రాస్తున్నది కంప్యూటరులోని ఫైలైతే దాన్ని భద్రపరచడానికి అదే చాలు. బ్యాంకు పాస్‌వర్డు, ఓటీపీ మాత్రం ఏ మైకుకూ చెప్పకూడదు. వసారాలో ఉన్నవాళ్లకు వినబడటం ఒకటైతే, నెట్ మీదుగా సర్వర్లకు పోవడం మరొకటి. డబ్బు చెల్లించే పేజీలో వాయిస్ యాక్సెస్‌ను పడుకోబెట్టి, చివరి బటన్‌ను చేత్తోనో, చేయి సాగకపోతే ఇంట్లో నమ్మకమైన మనిషితోనో నొక్కించాలి.