శిశుపాఠశాలయందు భిన్నసంస్కృతుల పరిచయము – పెద్దాపురము దృష్టాంతముగా

మూడేండ్లు మొదలు ఆరేండ్ల వరకు గల ప్రాయమున శిశువు ఇంటి గడప దాటి తొలిసారిగా పరుల నడుమ కూర్చుండును. అంతవరకు వాని లోకమున అన్నమనగా తన ఇంటి అన్నము. దేవుడనగా తన ఇంటి గూటిలోని దేవుడు. తల్లికి పేరనగా తాను పిలుచు పిలుపు. గడప దాటిన నాడు అన్యుల అన్నము, అన్యుల దైవము, అన్యుల పిలుపు వానికి ఎదురగును. ఈ ఎదురుపాటు చెలిమిగా మారుటయు, ఎగతాళిగా మారుటయు చాలవరకు ఆ గదిలోని ఉపాధ్యాయురాలి చేతిలో నున్నది. పసిపిల్లలకు భిన్నసంస్కృతులను ఎట్లు పరిచయము చేయవలెనను ప్రశ్నను పెద్దాపురమును దృష్టాంతముగా గైకొని ఈ వ్యాసమున విచారింప యత్నించెదను.

పరసంస్కృతి యనగా దూరదేశపు వింత యని తలచుట పరిపాటి. పెద్దాపురమును చూచినచో ఆ తలంపు నిలువదు. వత్సవాయి ప్రభువుల సంస్థానమునకు ముఖ్యస్థానమైన ఈ ఊరిలో ఆషాఢమాసమున మరిడమ్మ జాతర జరుగును. లూథరన్ మిషనువారి ఉన్నత పాఠశాల ఇచ్చటనే కలదు. తెలుగును ఉర్దూను కలిపి మాటలాడు ముస్లిముల కుటుంబములు కలవు. పట్టు నేయు చేనేత కుటుంబములు కలవు. ఉత్తరముగా సాగినచో రంపచోడవరము, మారేడుమిల్లి మన్యములలో కొండరెడ్లును కోయలును కలరు. సముద్రపు దిక్కునకు పోయినచో 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో నుండిన యానాము తగులును. ఊరిలోని జవాహర్ నవోదయ విద్యాలయము వంటి విద్యాలయములలో తొమ్మిదవ తరగతి పిల్లలు కొందరు ఒక యేడాది హిందీ ప్రాంతమునకు పోయి చదువుటయు, అచ్చటివారు ఇచ్చటికి వచ్చుటయు ఒక పద్ధతిగా నున్నది. పదునాలుగేండ్ల ప్రాయమున తలపెట్టు ఆ కార్యమునకు పునాది నాలుగేండ్ల నాడే పడవలెనని నా అభిప్రాయము.

ఈ ప్రాంతమందలి ఒక శిశుపాఠశాలలో నేను చూచిన సంగతి యొకటి మనవి చేసెదను. ఆనాడు విచిత్ర వేషముల ఉత్సవము. ఒక బాలునికి ఆకులు చుట్టి, తలపై ఈకలు గుచ్చి, వీడు కొండజాతివాడని నిలిపిరి. పిల్లలు నవ్విరి; పెద్దలును నవ్విరి. చివరి వరుసలో ఇటుక బట్టీలో పనికి వచ్చిన ఒడియా కూలీల పాప కూర్చుండి యుండెను. ఆ పాప ఏదో భయమున తల్లిని “బొఉ” అని పిలిచి ఏడ్చెను. ప్రక్కపిల్లలు ఆ మాటను పలికి మరల నవ్విరి. టీచరమ్మ మంచిమాటగానే “అమ్మా అనాలి తల్లీ” అని దిద్దెను. తరువాత ఆ పూటంతయు ఆ పాప నోరు తెరువలేదు. సంస్కృతుల పరిచయమునకై ఏర్పడిన ఉత్సవమది! నిజమైన పరసంస్కృతి చివరి వరుసలో కూర్చుండి యుండగా దానిని ఎవరును గుర్తింపలేదు.

ఆ వేషము పిల్లలకు నేర్పినదేమి? కొండరెడ్ల మాతృభాష తెలుగే. పెద్దాపురపు బాలుడు మారేడుమిల్లికి పోయినచో అచ్చటి కొండరెడ్డి బాలునితో తెలుగుననే ఆడుకొనగలడు. ఈ సత్యమును ఈకలు కప్పివేసినవి. వేషము భేదమునే చూపును; దానిని ధరించువారి జీవనమును చూపదు. పైగా మూడు నాలుగేండ్ల శిశువు రంగులోను, మాటలోను, తిండిలోను గల భేదములను తానై గుర్తించును. ఆ గుర్తింపులో తప్పు లేదు. భేదమునకు వెలకట్టుట మాత్రము పెద్దల ముఖములను చూచి నేర్చుకొనును. పెద్దలు నవ్విన చోట తాను నవ్వును. పెద్దలు ఆదరించిన చోట తాను ఆదరించును.

మాతృభాషను గౌరవించుట ఈ విద్యకు మొదటి మెట్టు. ఈ విషయమున మన తెలుగువారికి గొప్ప మార్గదర్శి గిడుగు రామమూర్తిగారు (1863–1940). వారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి సవర భాషను శ్రమించి నేర్చిరి. సవర పిల్లలకై పాఠశాలలు నెలకొల్పిరి. ఆ భాషలోనే వాచకములు రచించిరి. వ్యావహారిక భాషోద్యమమునకు నాయకులైన వారే సవర శిశువు నోటి మాటకును విలువ నిచ్చుట యాదృచ్ఛికము కాదు. శిశువు తెచ్చుకొన్న మాటతోనే చదువు మొదలు కావలెనను ఒకే సూత్రము రెండింటికిని మూలము. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సవర, కోయ, గోండి, కోలామి మున్నగు ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధన నారంభించుట ఆ మార్గమున వేసిన అడుగే. 2020 నాటి జాతీయ విద్యావిధానమును తొలి తరగతులలో ఇంటి భాషకే ప్రాధాన్యము నిచ్చినది.

రెండవ మెట్టు చేతికి అందు వస్తువు. 1907లో రోము నగరమున పేదల పేటలో శిశుగృహమును ప్రారంభించిన మరియా మాంటిస్సోరి, 1939లో మద్రాసు అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చిరి. అంతకుముందే 1920లో గిజుభాయి బధేకా భావనగరమున బాలమందిరమును స్థాపించిరి. శిశువు ఉపన్యాసముచే నేర్చుకొనడు, చేతితోను కంటితోను చెవితోను నేర్చుకొనునని వారిరువురు ఆచరణలో చూపిరి. కావున “ఇతర మతములను గౌరవింపుము” అను నీతివాక్యమును వల్లె వేయించుటచే ఫలము స్వల్పము. ఈ దృష్టితో మన అంగన్‌వాడీలలో సులభముగా ఆచరింపదగిన మూడు మార్గములను సూచించెదను.

మొదటిది పిలుపు. బడి తెరచిన తొలి వారములలో ప్రతి శిశువును తన తల్లిని, అవ్వను ఏమని పిలుచునో చెప్పనిచ్చి, ఆ మాటను టీచరమ్మ మొదట తానే శ్రద్ధగా పలుకవలెను. అమ్మ, అమ్మీ, బొఉ. మామ్మ, నాయనమ్మ, దాదీ – ఇవి యన్నియు ఒకే గదిలో వినబడును. తెలుగు ఇండ్లలోనే ఒకచోట మామ్మ, మరియొకచోట నాయనమ్మ యగుట పిల్లలకు తెలిసినచో, భేదము పరాయివాని లక్షణము కాదనియు, అందరికి సామాన్యమనియు బోధపడును. జోలపాటలను వినిపించుటకు తల్లులను పిలిచినచో మరింత మేలు.

రెండవది గదిలోని వస్తువులు. కుర్చీ అరబ్బీ మూలము గల మాట, ఉర్దూ ద్వారమున వచ్చినది. అలమార పోర్చుగీసువారి మాట. పెన్సిలు ఇంగ్లీషువారిది. కూర్చుండు చాప మనది. మధ్యాహ్న భోజనములోని మిరపకాయ, తోటలోని జామ, బొప్పాయి, జీడిమామిడి అమెరికా ఖండములనుండి వచ్చి మన నేలలో వేళ్లూనినవి. ఈ చరిత్ర నంతయు శిశువునకు చెప్పనక్కరలేదు. “ఈ మిరపకాయ ఓడ ఎక్కి మన ఊరికి వచ్చినది” అన్న చిన్న కథ చాలును. వచ్చినవారు మనవారగుదురను భావము దానివలన కలుగును.

మూడవది ఆట. మన వామనగుంటలనే తమిళులు పల్లాంగుళి యనియు, ఫిలిప్పీను ద్వీపములవారు సుంకా యనియు ఆడుదురు. ఆఫ్రికాలో ఈ ఆటకు పెక్కు రూపములు కలవు. గింజలు నోట పెట్టుకొను ప్రాయము దాటిన పిల్లలకు ఈ పలకను ఇచ్చి, “ఇదే ఆటను సముద్రము కావల నీవంటి పాప ఆడుచున్నది” యని చెప్పినచో, దూరదేశము వారికి చుట్టమగును.

కొన్ని జాగ్రత్తలు అవసరము. ఒక శిశువును నిలువబెట్టి “మీ వారి సంగతి చెప్పు” అని అడుగరాదు. నాలుగేండ్ల పాప ఒక జాతికి ప్రతినిధి కాదు. ఏ ఇంటి తిండిని మరియొక ఇంటి తిండితో పోల్చి తూచరాదు. పేరును నోరు తిరుగలేదని కుదింపరాదు. పండుగనాడు మాత్రమే తలచి తక్కిన దినములలో మరచుటయు తగదు.

ఇన్ని సంస్కృతులు చూపినచో పిల్లవాడు తనదానిని మరచునేమో యని కొందరు శంకింతురు. దానికి మన చరిత్రయే సమాధానము. కోరంగి రేవునుండి ఓడలెక్కి బర్మాకును మారిషస్‌కును పోయిన తెలుగువారిని అచ్చటివారు ఆ రేవు పేరుననే పిలిచిరి. మారిషస్‌లో వారి సంతతి క్రియోలు, ఫ్రెంచి, ఇంగ్లీషు భాషల నడుమ పెరిగియు తెలుగువారమనియే చెప్పుకొనుచున్నది. అచ్చటి ప్రాథమిక పాఠశాలలలో తెలుగు బోధింపబడుచున్నది. పరుల బడిలో మన పిల్లల మాటకు చోటు కలిగినందుకు మనము సంతసింతుము గదా! మన బడిలో పరుల పిల్లల మాటకు చోటీయకుండుట న్యాయము కాదు.

1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము వలన అంగన్‌వాడీ మారుమూల పల్లెలకును చేరినది. గది కలదు, టీచరమ్మ కలదు, పిల్లలు కలరు. కొరవడినది సామగ్రి. పెద్దాపురము, సామర్లకోట, మన్యప్రాంతముల ఇండ్లలో వినబడు పిలుపులను, జోలపాటలను, ఆటమాటలను సేకరించి, సరియైన ఉచ్చారణతో చిన్న పుస్తకముగా కూర్చి ఆ టీచరమ్మల చేతికందించుట తెలుగు శాఖలు చేయదగిన పని. పరిశోధక విద్యార్థులు ఇందుకు పూనుకొందురు గాక. “బొఉ” అను ఒక్క మాట టీచరమ్మకు ముందుగా తెలిసియుండినచో ఆనాడు ఆ పాప మౌనము వహించి యుండెడిది కాదు.